బ్యాండు మాస్టారు ఆగిన చోట్లు

మా బావ ఈ వయసులో మన్మథుడైపోయాడని చెప్పడానికి అక్క ఫోన్ చేసేసరికి నేను యాంజియో గదిలో ఒక పెద్దాయన గజ్జ దగ్గర రెండు వేళ్ళు అదిమిపట్టి నిలబడి ఉన్నాను. రక్తనాళంలోంచి సన్న గొట్టం తీసేశాక ఆ చోటుని పావుగంట సేపు అలా నొక్కి ఉంచాలి, లేకపోతే రక్తం ఆగదు; టెక్నీషియన్‌గా అది నా పని. చెయ్యి తీసే వీల్లేదు కాబట్టి ఫోన్ స్పీకర్లో పెట్టమని నర్సుకి సైగ చేశాను. ఆ రోజు నేను చేసిన మొదటి పొరపాటు అది.

"మీ బావ పార్లర్ ఆవిడ వెంట పడ్డాడే," అంది అక్క. ఏడుపు లేదు, ఉపోద్ఘాతం లేదు. "వారానికి మూడు రోజులు. బ్యాండు మొత్తాన్ని వెంటేసుకుని మరీ."

బల్ల మీది పెద్దాయన కళ్ళు తెరిచాడు.

"కదలకండి," అన్నాను.

"నేను కదలట్లేదమ్మా. మీ అక్కగారిని కొంచెం గట్టిగా చెప్పమనండి," అన్నాడాయన.

మా బావ బస్సు డిపోలో హెడ్ మెకానిక్. ఆ ఉద్యోగం గురించి ఆయన ఎవరికీ చెప్పుకోడు. డిపో బ్యాండుకి మాస్టారు అన్న సంగతి మాత్రం అడక్కపోయినా చెప్తాడు. డ్రైవర్లు, కండక్టర్లు, టైర్ల సెక్షన్ వాళ్ళు కలిపి ఇరవై ఆరుగురు వాయిస్తారు, ముందు ఈయన వెండి పిడి కర్ర పైకీ కిందకీ ఆడిస్తూ తెల్ల బూట్లతో నడుస్తాడు. ఇంజన్ ఆయిల్ అంటిన చేతులతో అన్నం తింటాడుగానీ ఆ బూట్లని ఉతికిన గుడ్డతో తప్ప ముట్టుకోడు.

అక్క పెళ్ళినాటికి నాకు పన్నెండేళ్ళు. అప్పటినుంచీ ఆయన్ని నువ్వు అనే చనువుంది నాకు. మరదల్ని కాబట్టి ఏడిపించే హక్కు కూడా ఉందని నా నమ్మకం. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ హక్కుని ఒక్కరోజు కూడా వృథా పోనివ్వలేదు. అందుకే అక్క మాటలు వినగానే నాకు బాధ వేయలేదు, కోపం రాలేదు. సిగ్గు లేకుండా చెప్పాలంటే పండగలా అనిపించింది.

"గురువారం నాకు సెలవు. స్వయంగా వచ్చి చూస్తా," అన్నాను.

"చూసి నవ్వుతావు. నవ్వడానికైతే రావద్దు," అంది అక్క.

ఇక్కడ బావ కాలి సంగతి కొంచెం చెప్పాలి. ఏడాదిన్నర కిందట ఎడమ తొడలో రక్తనాళం పూడుకుపోయి, నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసేది. మా గదిలోనే యాంజియో తీశారు. నాళంలోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూస్తే రక్తం ఎంతవరకు పోతోందో, ఎక్కడ ఆగుతోందో తెరమీద కనిపిస్తుంది. ఆ పూడిక నేనే చూశాను. డాక్టరు బెలూన్‌తో దాన్ని వెడల్పు చేసి స్టెంటు పెట్టాడు. మర్నాటికి బావ వార్డులో గుండ్రంగా తిరుగుతూ నర్సుల చేత కవాతు చేయించాడు.

స్టెంటు పడ్డవాళ్ళందరూ ఆ తర్వాత నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "మళ్ళీ ఎప్పుడు తీస్తారమ్మా ఆ బొమ్మ?" అని. ఊరికే తీయరు. రంగు మందు కిడ్నీలకి భారం, నాళానికి చిల్లు పెట్టడం సరదా పని కాదు. నడిచే దూరం తగ్గిపోతోందంటే, పడుకున్నా నొప్పి అంటే, పాదం మీద పుండు మానడం లేదంటే, చీలమండ దగ్గర ప్రెజర్ పడిపోతే, పైపైన చేసే స్కానింగులో మళ్ళీ పూడిక కనిపిస్తే, అప్పుడు. బాగున్నవాళ్ళకి అక్కర్లేదు. ఇది నేను రోజుకి పదిసార్లు చెప్పే పాఠం. చెప్పి చెప్పి నాకు దానిమీద విసుగు, నామీద నాకు కొంచెం గర్వం కలిగాయి.

అయిదు నెలల కిందట అక్క వాళ్ళింట్లో భోజనాల దగ్గర బావ కూడా అదే అడిగాడు. "మరదలా, మళ్ళీ ఆ బొమ్మ తీయించుకోవాలంటే ఏం చెయ్యాలి?" అని, పెరుగు కలుపుకుంటూ, ఏదో మాటవరసకి అన్నట్టు. అదే ఇంకో పేషెంటైతే పాఠం చెప్పేదాన్ని. అడిగింది బావ, చుట్టూ పదిమంది చుట్టాలు.

"ఏటేటా తీయించుకోడానికి ఇదేమన్నా పుట్టినరోజు ఫోటోనా బావా? పోనీ తెల్ల బూట్లేసుకుని రా, ఫ్రేము కట్టించి డిపోలో తగిలిద్దాం," అన్నాను.

అందరూ పడీపడీ నవ్వారు. బావ కూడా నవ్వాడు, కాకపోతే అందరికన్నా కొంచెం ఆలస్యంగా. ఆ ఆలస్యం నేను పట్టించుకోలేదు. నా జోకు బాగా పేలిందన్న సంతోషంలో ఉన్నాను.

గురువారం ఉదయం ఏడింటికి పార్లర్ ఎదురుగా ఉన్న బస్‌స్టాప్‌లో, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. డిపో గేటులోంచి బ్యాండు బయటికొచ్చింది. డిపోకి యాభై ఏళ్ళు నిండుతున్నాయని రెండు వారాల్లో పెద్ద ఊరేగింపు ఉంది. డిపో నుంచి పెద్ద మైదానం దాకా రెండు కిలోమీటర్లు. దానికోసమే ఈ రిహార్సళ్ళు. వరసలు బాగున్నాయి, బూట్ల చప్పుడు ఒక్కటే పడుతోంది. బావ ముందు ఛాతీ విరుచుకుని వస్తున్నాడు. సరిగ్గా పార్లర్ గుమ్మం ముందుకి రాగానే కర్ర పైకెత్తి అడ్డంగా పట్టుకున్నాడు. బ్యాండంతా అక్కడే ఆగిపోయి, ఉన్నచోటే కాళ్ళు కదుపుతూ వాయించడం మొదలుపెట్టింది.

మెల్లని పాట అది, పెళ్ళిళ్ళలో వాయించే రకం. పార్లర్ తలుపు తెరుచుకుంది. నలభై అయిదేళ్ళావిడ, జుట్టుకి రాగి రంగు, చేతిలో దువ్వెన. గుమ్మానికి ఆనుకుని తల ఒక పక్కకి వంచి నిలబడింది. పాట అయిపోయింది. బావ కర్ర దించాడు, బ్యాండు ముందుకి కదిలింది. నేను పేపరు వెనక చెంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను. రిహార్సల్ అయ్యాక పెద్ద డ్రమ్ము వాయించే కండక్టర్ని పట్టుకున్నాను. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

"మొదట్లో మాస్టారు ఎక్కడా ఆపేవారు కాదు మేడం. మైదానం దాకా ఒకటే నడక. ఆర్నెల్ల కిందట పెట్రోల్ బంకు దగ్గర ఆపడం మొదలుపెట్టారు. ఇక్కడ గాలి బాగుంది, ఒక పాట వాయిద్దాం అనేవారు. పెట్రోల్ బంకులో గాలేంటో మాకు తెలీలా. తర్వాత చెప్పుల షాపు దగ్గరికి మార్చారు. ఆ తర్వాత బేకరీ. బేకరీ రోజులు మాత్రం నరకం. ఆ వాసనకి మా ట్రంపెట్ వాళ్ళకి నోట్లో నీళ్ళూరి శబ్దం వచ్చేది కాదు. మూడు వారాల నుంచి ఇదిగో, పార్లర్."

"బేకరీలో ఎవరుంటారు?" అన్నాను.

"యజమానురాలే ఉంటుంది. భర్త లేడు."

"చెప్పుల షాపులో?"

"ఇద్దరు సేల్స్ గాళ్స్."

"బంకులో?"

ఆయన, క్యాష్ కౌంటర్లో ఒకావిడ ఉండేదని, మంచి రంగని చెప్పాడు. కేసు పూర్తయిందనిపించింది నాకు. మా బావ వీధిలో ఒక్కో గుమ్మం ముందూ పాట పాడుకుంటూ వచ్చి, చివరికి డిపోకి అతి దగ్గర్లో స్థిరపడ్డాడన్నమాట. యాంజియో గదిలో ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నదాన్ని. ఒక పేషెంటు చరిత్ర అంత వివరంగా, తేదీలతో సహా, ఎవరూ నాకెప్పుడూ చెప్పలేదు. విని నవ్వుకున్నాను.

పార్లర్లోకి కూడా వెళ్ళాను, కనుబొమలు తీయించుకునే వంకతో. ఆవిడ దారం నోట్లో పట్టుకునే మాట్లాడింది.

"రోజు తప్పించి రోజు ఏడూ పదికి వస్తారండీ. ఎంత మర్యాదస్తుడో. నేనూ ఆరున్నరకే వచ్చి తయారై కూర్చుంటున్నా," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్కటే తిక్క. ఇంత పాట వాయించి ఒక్కసారీ నావైపు చూడరు. ఎంతసేపూ నేలచూపులే."

"సిగ్గు," అన్నాను నిపుణురాలిలా.

అక్క ఇంటికి చేరేసరికి బావ డ్యూటీకి వెళ్ళే హడావుడిలో ఉన్నాడు. అక్క గోడకి చేరగిలబడి ఉంది. ఆవిడ కళ్ళు చూశాక నా నవ్వు కొంచెం తగ్గిన మాట నిజం. కానీ బుద్ధి తగ్గలేదు.

"బావా, గొడవెందుకు. శనివారం రిహార్సల్లో పార్లర్ దగ్గర ఆగకుండా వెళ్ళిపో. అక్కా నేనూ బస్‌స్టాప్‌లో ఉంటాం. ఆగకుండా దాటేశావంటే అక్క ఇంకో మాట మాట్లాడదు," అన్నాను.

బావ నావైపు చూశాడు, అక్కవైపు చూశాడు. సాక్సు సర్దుకున్నాడు.

"కుదరదు," అన్నాడు.

"ఎందుకు కుదరదు?" అంది అక్క. ఆ పొద్దున ఆవిడ ఆయనతో అన్న మొదటి మాట అది.

"నిజమే," అన్నాడు బావ నెమ్మదిగా. "మీరనుకున్నదే నిజం. ఆవిణ్ణి చూడకుండా నేను ముందుకు పోలేను."

నేను సరదాకి లాగిన తీగకి డొంకంతా కదిలింది. అక్క లోపలికి వెళ్ళి ఆయన టిఫిన్ డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "ఇంక ఆవిణ్ణే పెట్టమనండి," అని తలుపు వేసుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం. బావ ఆ డబ్బా పట్టుకుని మెట్లు దిగాడు, ఒక్కో మెట్టూ ఆగి ఆగి. పశ్చాత్తాపంతో అలా దిగుతున్నాడనుకున్నాను.

మర్నాడు ఆస్పత్రిలో నాకు దేనిమీదా మనసు నిలవలేదు. ఆరు నెలలకోసారి పాత పేషెంట్లకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలడిగి, కాగితం మీద టిక్కు పెట్టడం నా పని. కాలు నొప్పి ఉందా, పుండ్లేమైనా ఉన్నాయా, మందులు వేసుకుంటున్నారా. మూడు నెలల కిందట బావకీ చేశాను, మధ్యాహ్నం భోజనం చేస్తూ, నోట్లో ముద్దతో. నొప్పి లేదన్నాడు. టిక్కు పెట్టాను. ఆస్పత్రికి రమ్మని అక్క పోరితే, మీ చెల్లెలు ఫోన్లోనే చూసేసిందిగా అన్నాడట.

ఆ రోజు జాబితాలో ఒక రిటైర్డ్ లెక్చరర్ ఉన్నాడు.

"కాలు నొప్పి ఉందాండీ?"

"లేదమ్మా."

టిక్కు పెట్టబోయాను. ఆయన పాఠం చెప్పే అలవాటు పోని మనిషి, అక్కడితో ఆపలేదు.

"నొప్పి ఎలా వస్తుందమ్మా, వచ్చేలోపే ఆగిపోతాను కదా. మందుల షాపు దగ్గర ఆగి వాళ్ళ గోడమీద క్యాలెండరు చూస్తాను. రెండు నిమిషాలకి సర్దుకుంటుంది, మళ్ళీ నడుస్తాను. ఇదివరకు పార్కు దాకా వెళ్ళి ఆగేవాణ్ణి. ఈమధ్య క్యాలెండరు దగ్గరే ఆగుతున్నా. షాపతను నాకు తారీకులు చూసే పిచ్చి పట్టిందనుకుంటున్నాడు."

పెన్ను కాగితం మీదే ఉండిపోయింది. పెట్రోల్ బంకు. చెప్పుల షాపు. బేకరీ. పార్లర్. ఒక్కొక్కటీ డిపో గేటుకి దగ్గరవుతూ వచ్చాయి. గుమ్మాల్లో ఎవరున్నారని అడిగానే తప్ప, గేటు నుంచి ఎంత దూరమని అడగలేదు నేను. గురువారం పొద్దున కళ్ళారా చూసింది మళ్ళీ గుర్తొచ్చింది. ఇరవై ఆరుగురూ ఉన్నచోట కాళ్ళు కదుపుతున్నారు. మాస్టారి తెల్ల బూట్లు మాత్రం కదల్లేదు. పాట ఎంతసేపు? రెండు నిమిషాలు. పిక్క సర్దుకోడానికి పట్టేంత సేపు.

నేను పప్పులో కాలేశాను. మామూలుగా కాదు, మోకాలి దాకా వేశాను. లెక్చరర్‌గారికి మర్నాడే రమ్మని అపాయింట్‌మెంట్ రాసి, సూపరింటెండెంటుకి చెప్పకుండా డిపోకి వెళ్ళాను.

బావ వాయిద్యాల గదిలో ఒక్కడే, డ్రమ్ముల మధ్య స్టూలు మీద కూర్చుని కర్ర పిడికి పాలిష్ పెడుతున్నాడు. నేను ఆయన ముందు నేలమీద కూర్చుని ఎడమ బూటు లేసు విప్పడం మొదలుపెట్టాను.

"ఏంటే ఇది, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు," అన్నాడు కాలు లాక్కుంటూ.

"పార్లర్ ఆవిడ తర్వాత మరదలనుకుంటారు. కాలియ్యి."

పాదం చల్లగా ఉంది. కుడి పాదం వెచ్చగానే ఉంది. ఎడమ పాదం పైన, చీలమండ వెనక ఎంతసేపు వెతికినా నాడి దొరకలేదు. చిటికెన వేలి పక్కన, తెల్ల బూటు ఒరుసుకునే చోట, శనగగింజంత పుండు. చుట్టూ చర్మం రంగు మారింది.

"ఇదెన్నాళ్ళనుంచి?"

"నెల. బూటు కరిచింది, అంతే."

"నెలరోజులు మానలేదంటే అది బూటు చేసిన పని కాదు బావా. కాలికి రక్తం అందట్లేదు. ఇలాగే ఉంటే ముందు వేలు పోతుంది. తర్వాత కాలే పోవచ్చు," అన్నాను.

బావ పాలిష్ గుడ్డ మడత పెట్టాడు. "ఊరేగింపు ఇంకా పన్నెండు రోజులే. డిపో మేనేజరు పోయినసారే చెప్పాడు, మళ్ళీ ఆస్పత్రి అంటే ఈ కర్రని ట్రంపెట్ వాడికిచ్చేస్తానని. ఇరవై రెండేళ్ళు మోశానే దీన్ని. ఈ ఒక్క ఊరేగింపూ అయ్యాక నువ్వేం కోసుకుంటావో కోసుకో."

"దీనికోసం అక్క ముందు లేని రంకు కట్టుకున్నావా నీకు నువ్వు?"

"కుంటివాడు అనిపించుకోవడం కన్నా అదే నయమనిపించింది." ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. "డిపోలో గౌరవం పెరిగింది కూడా."

"నాకైనా చెప్పొచ్చు కదా. రోజూ ఇదే పనిలో ఉంటాను నేను."

"అడిగాను," అన్నాడు బావ. "పెట్రోల్ బంకు దగ్గర ఆగడం మొదలైన కొత్తలో. పెరుగన్నం తింటూ అడిగాను. నువ్వు ఫ్రేము కట్టిస్తానన్నావు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఏ లక్షణాలుంటే ఆ బొమ్మ తీస్తారో చెప్పడం నా ఉద్యోగం. ఎందుకడుగుతున్నావు బావా అని ఒక్క ముక్క అడిగినా సరిపోయేది. చుట్టాల ముందు పేలిన జోకు ఒకటి అయిదు నెలల పాటు ఆయన నోరు కట్టేసింది. ఆ అయిదు నెలలూ ఆయన కాలు ఎండుతూ వచ్చింది. ఆ బూటు లేసు మళ్ళీ కట్టాను, వదులుగా.

తర్వాతి కథ చకచకా నడిచింది. నేనే అక్కకి చెప్పాను. ఆవిడ అంతా విని, "పార్లర్ ఆవిణ్ణి ప్రేమించినా ఇంత కోపం వచ్చేది కాదే," అంది. వెంటనే లేచి ఆయన చొక్కాలు రెండు సంచిలో పెట్టింది. డిపోకి వెళ్ళి, అందరిముందూ, "పదండి," అంది. బావ కర్ర పక్కన పెట్టి వచ్చేశాడు. నేను చెప్తే రాని మనిషి.

డాక్టరు చీలమండ దగ్గర ప్రెజర్ కొలిచాడు. చేతిలో ఉన్నదాంట్లో సగం కూడా లేదు. స్కానింగులో స్టెంటు లోపలే పూడిక కనిపించింది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని ఆయన బావని అడగలేదు, నన్నడిగాడు.

"కారణం లేకుండా యాంజియో తీయరని అందరికీ మీరే చెప్తారు. సరిగ్గానే చెప్తారు. కానీ ఈ కారణం బ్యాండు వాయించుకుంటూ వీధంట తిరిగిందే, ఆర్నెల్లు."

నేను యాంజియో కాగితం తెచ్చి దానిమీద బావ పేరు రాశాను.

మర్నాడు ఉదయం మా గదిలో, అదే బల్లమీద బావ. రంగు మందు తొడలోకి దిగుతుంటే తెరమీద నల్లగా, లావుగా వచ్చిన నాళం స్టెంటు దగ్గరకొచ్చేసరికి కుట్టు దారమంత అయిపోయింది. ఇంకొన్నాళ్ళయితే ఆ దారం కూడా ఉండేది కాదని డాక్టరు అన్నాడు. నేను తెర చూడలేక బావ పాదం చూస్తూ నిలబడ్డాను. బెలూన్ రెండుసార్లు ఉబ్బించి దించారు. మూడోసారి రంగు వదిలితే ధార ఆగకుండా పిక్క దాటి కిందకి పరిగెత్తింది. చేతి తొడుగు తీసేసి పాదం మీద వేళ్ళు పెట్టాను. చిన్నగా కొట్టుకుంటోంది.

"ఏ తాళం?" అన్నాడు బావ బల్లమీంచి.

"నడక తాళమే," అన్నాను. కళ్ళు తుడుచుకోడానికి వీల్లేదు, కొత్త తొడుగు వేసుకుని, గొట్టం తీసిన గజ్జ దగ్గర నొక్కి పట్టుకోవాలి.

పుండు మానేదాకా బూటు వేసుకోకూడదు, ఎక్కువ దూరం నడవకూడదు అన్నాడు డాక్టరు. ఊరేగింపు రోజు కర్ర ట్రంపెట్ వాడికే వెళ్ళాలి. ఆ ట్రంపెట్ వాడే ఆ కర్ర పట్టుకోనన్నాడు. బేకరీ రోజులు భరించినవాళ్ళం, మాస్టారు లేకుండా వాయించం అన్నారట మిగతావాళ్ళు. చివరికి మెకానిక్కులు ఒక పాత బస్సు తలుపు ఊడబీకి, బ్యాండు ముందు నడక వేగంతో నడిపారు. 'ఫుట్‌బోర్డు ప్రయాణం నిషేధం' అని రాసి ఉన్న బోర్డు కిందే, ఫుట్‌బోర్డు మీద స్టూలేసుకుని, ఒక కాలికి తెల్ల బూటు, ఇంకో కాలికి తెల్ల గుడ్డ కట్టుతో బావ కర్ర ఆడించాడు. అక్క లోపల కిటికీ పక్కన కూర్చుని ఆయన చొక్కా వెనక అంచు పట్టుకుంది, పడిపోకుండా. రెండు కిలోమీటర్లూ ఎక్కడా ఆగలేదు.

నేను మా ఫోన్ కాగితం మార్పించాను. కాలు నొప్పి ఉందా అన్న ప్రశ్న కొట్టేసి, ఎక్కడెక్కడ ఆగుతున్నారు అని రాయించాను. ఇదివరకు ఎక్కడ ఆగేవారు అన్నది దానికింద. నోట్లో ముద్దతో ఫోన్ చేయడం కూడా మానేశాను. బావకి మూడు నెలలకీ చేశాను, ఆరు నెలలకీ చేశాను.

"ఎక్కడెక్కడ ఆగుతున్నావు బావా?"

"ఎక్కడా ఆగను. మైదానం దాకా ఒకటే నడక. పుండు మాని నాలుగు నెలలైంది. చాలా?"

చాలనుకున్నాను. ఆ సాయంత్రమే బస్సులో పెద్ద డ్రమ్ము కండక్టరు టిక్కెట్టు ఇస్తూ చెప్పాడు. "మాస్టారు మళ్ళీ పార్లర్ దగ్గర ఆపుతున్నారు మేడం. గురువారం గురువారం."

మళ్ళీ పూడికే అనుకున్నాను. కోపం కూడా వచ్చింది, మళ్ళీ నా చెవిలో పువ్వు పెట్టాడని. గురువారం పొద్దున ప్రెజర్ కొలిచే పరికరం సంచిలో వేసుకుని బస్‌స్టాప్‌కి వెళ్ళాను. ఈసారి పేపరు పట్టుకెళ్ళలేదు. గేటులోంచి బ్యాండు వచ్చింది. పార్లర్ ముందుకి రాగానే కర్ర అడ్డంగా లేచింది. అదే మెల్లని పాట.

నేను ఎవరి మొహమూ చూడలేదు. తెల్ల బూట్లు చూశాను. కుడిది లేచింది, పడింది. ఎడమది లేచింది, పడింది. కుడిదెంత ఎత్తు లేస్తే ఎడమదీ అంతే, పాట పొడుగునా, ఒక్క దెబ్బ తప్పకుండా. ఆ తర్వాతే తలెత్తి పార్లర్ అద్దంలోంచి లోపలికి చూశాను. కుర్చీలో అక్క కూర్చుని ఉంది, మెడచుట్టూ గుడ్డ, జుట్టుకి సగం రంగు. గురువారం గురువారం వస్తోందట, నాతో ఒక్క మాట అనలేదు. అద్దం చూస్తున్నట్టు నటిస్తోందిగానీ చెవుల దాకా ఎర్రబడింది. బావ ఈసారి నేల చూడటంలేదు.

పాట అయ్యేలోపు నేను రోడ్డు దాటి గుమ్మం దగ్గరికి చేరాను. పార్లర్ ఆవిడ దువ్వెన పట్టుకుని తలుపుకి ఆనుకుని ఉంది, మునుపటిలాగే తయారై.

"చూడండి," అంది నాతో నిష్ఠూరంగా. "ఈయన ఇప్పుడూ నావైపు చూడరు."